చిన్న యూరి పాఠకురాలు - ప్రేమనవల

ఆంధ్ర నవలా వాఙ్మయమును గూర్చి మన విశ్వవిద్యాలయములందు జరిగిన పరిశోధనము తక్కువది కాదు. చారిత్రక నవలను గూర్చియు, సాంఘిక నవలను గూర్చియు, మనోవైజ్ఞానిక నవలను గూర్చియు సిద్ధాంత గ్రంథములు వెలువడినవి. కాని 1960 మొదలు సుమారు ఇరువది యేండ్లపాటు వారపత్రికలలో ధారావాహికముగా వచ్చి, పిమ్మట చౌకవెల పుస్తకములై, అద్దె పుస్తకాల దుకాణములలో చేతులు మారి మారి అట్టలూడిన ప్రేమనవలల యెడ మనవారి పద్ధతి వేరు. ఆ రచయిత్రులను గూర్చిన సిద్ధాంత వ్యాసములు లేకపోలేదు. వానిలో ఇతివృత్త సంగ్రహమే యెక్కువ. విమర్శ భాగమునకు వచ్చుసరికి రెండు వాక్యములతో పని ముగియును. మొదటి వాక్యమున ఆ నవలలు విశేష జనాదరణ పొందిన వందురు. రెండవ వాక్యమున అవి పలాయన సాహిత్య మందురు. మేమును మా సిద్ధాంత వ్యాసమున సరిగా ఆ రెండు వాక్యములనే వ్రాసితిమి. వానిలో రెండవదానిని ఉపసంహరించుకొనవలెనని చాలకాలముగా అనుకొనుచున్నాము. ఈ వ్యాసము అందుకొరకే.

ముందుగా విషయమును నిర్ణయించుకొందము. పాశ్చాత్య దేశములలో చిన్న యూరి ప్రేమనవల యనునది నేడొక ప్రత్యేక శాఖ. రాబిన్ కార్ అను అమెరికా రచయిత్రి 2007లో ప్రారంభించిన 'వర్జిన్ రివర్' నవలామాల దీనికి మంచి ఉదాహరణము. భర్తను గోల్పోయిన యొక నర్సు లాస్ ఏంజిలిస్ మహానగరమును విడిచి, కొండల నడుమనున్న చిన్న యూరికి వచ్చును. అచట నొక మాజీ సైనికుని ప్రేమించును. ఊరు ఆమె గాయమును మాన్పును. ఈ శాఖకు మూలము కొత్తది కాదు. పల్లెపట్టున మూడు నాలుగు కుటుంబములున్న చాలును, నవలకు అంతకన్న వేరొకటి అక్కరలేదని జేన్ ఆస్టిన్ 1814లో తన అన్న కూతురికి ఉత్తరము వ్రాసినది. అంతకు ముందటి యేడు, 1813లో, వెలువడిన ఆమె 'ప్రైడ్ అండ్ ప్రిజుడిస్' ఆ సూత్రమునకు లక్ష్యము. ఊరిలోనికి కొత్తవాడొకడు వచ్చును. ఊరంతయు వానిని గూర్చి మాటలాడును. ఆ మాటల నడుమ ప్రేమ పుట్టును. ఆస్టిన్ నవలకును కార్ నవలకును రెండు వందల యేండ్ల దూరమున్నను, కథ నడచుటకు కావలసిన ఆధారమొక్కటే: ఊరిలోనికి అపరిచితుడు రావలెను, లేదా అపరిచిత రావలెను.

తెలుగున నిట్టి నవల కలదా? ఈ ప్రశ్నను మేము గ్రంథాలయమున గూర్చుండి వేసికొనలేదు. మా స్వగ్రామ ప్రాంతమైన పెనుబల్లిలో వేసికొంటిమి. పెనుబల్లి ఖమ్మము జిల్లాలో సత్తుపల్లి దారిలోని మండల కేంద్రము. ఒకవైపున భద్రాచలము దాక సాగిపోవు అడవి అంచు, కోయ గూడెములు. వేరొకవైపున తిరువూరు మీదుగా కృష్ణా తీరపు పొలములు. ఇచటి యూళ్లలో కొన్నింటికి చివర 'బంజరు' అనుమాట యుండును. అడవి కొట్టి సాగులోనికి తెచ్చిన నేలలకు గుర్తు అది. వి.ఎం. బంజరు కూడలి వద్ద బస్సు దిగినవానికి మామిడితోటలును, టీ దుకాణములును, ఎరువుల అంగళ్లును కనిపించును. 1948 వరకు ఈ ప్రాంతము నిజాము రాజ్యమున నుండెను. ప్రక్కనున్న తిరువూరు మద్రాసు రాజధానిలో నుండెను. కావున ఇచటివారికి తెలుగు వారపత్రికయు, తెలుగు నవలయు చాలకాలము ఎల్ల దాటి వచ్చిన వస్తువులే. ఉర్దూ మాధ్యమమున చదువుకొన్న తాతల కాలము గడచి, ఇంటి ఆడపిల్లలు తెలుగు బడికి పోవ మొదలిడిన తరువాతనే ఈ యూళ్లలో నవలకు పాఠకులేర్పడిరి. ఆ పాఠకులలో పెక్కుమంది స్త్రీలు.

మా బాల్యమున, అనగా 1980ల చివరను, ఈ ప్రాంతమున అద్దెకు నవలలిచ్చు దుకాణములుండెడివి. దుకాణ మనుట గౌరవమునకే. కిరాణా కొట్టులో సబ్బుల ప్రక్క నొక బల్ల. అట్టి బల్లపై యద్దనపూడి సులోచనారాణి నవలలును, మాదిరెడ్డి సులోచన నవలలును, కోడూరి కౌసల్యాదేవి నవలలును ఉండెడివి. ఎమెస్కోవారు 'ఇంటింటా గ్రంథాలయము' అను పథకముతో పుస్తకమును అంగడి సరకు చేసిన దాని ఫలితము ఇంత దూరము వచ్చినది. ఆ బల్ల మీది పుస్తకములలో పెనుబల్లి వంటి యూరు మాత్రము కనబడదు. నాయకుడు హైదరాబాదున నుండును. వానికి కారుండును, బంగళా యుండును, బంగళాలో మెట్లుండును. అడవి అంచున వంటింటి గడపపై గూర్చుండి చదువు స్త్రీకి ఆ మెట్లతో నేమి పని? విమర్శకుల సమాధానము మనకు తెలిసినదే: లేనిదానిని కలగనుటకే. ఈ సమాధానము అబద్ధము కాదు, కాని మిక్కిలి సోమరి సమాధానము. కారును, బంగళాను కోరువారికి సినిమా చాలును. రెండున్నర గంటలలో పని తీరును. ఇరువది ముప్పది వారములు వేచి, ఒక సీరియలును చదువుటలోని శ్రద్ధకు అది కారణము కాజాలదు.

'సెక్రటరీ'ని తీసికొందము. 1960ల నడుమ 'జ్యోతి' మాసపత్రికలో వచ్చి పుస్తకమైన ఈ నవల తరువాతి ప్రేమనవలలకు ఒరవడి యైనది. 1976లో సినిమాగాను వచ్చినది. మధ్యతరగతి యువతి జయంతి, ధనవంతుడైన రాజశేఖరము. ఆమె వానికి సెక్రటరీగా చేరును. కథాసంగ్రహము చెప్పువారు ఇచట నుండి తిన్నగా పెండ్లికి పోవుదురు. నవల యట్లు పోదు. నవలలో పెక్కు పుటలు జయంతి తన మనసును తానే ఒప్పుకొనకుండుటకును, ఆతని మాటను కాదనుటకును, తుదకు ఉద్యోగమును విడిచి పోవుటకును వినియోగింపబడినవి. ఆమెను నడపునది ఆత్మాభిమానము. ఈ మాట ఆనాటి నవలలలో ఎంత తరచుగా వచ్చునో లెక్కింపవలసిన యవసరము గలదు. పరిశోధక విద్యార్థులెవరైనను పూనుకొనిన బాగుండును. నాయకుడు ధనవంతుడు కావలసిన అవసర మిచటనే యున్నది. పేదవానిని కాదనుటకు ఆత్మాభిమాన మక్కరలేదు. ఊరంతయు 'అదృష్టము' అని మెచ్చుకొనగల సంబంధమును కాదనినపుడే ఆ కాదనుటకు విలువ. ఎలిజబెత్ బెన్నెట్ డార్సీని మొదటిసారి కాదన్న ఘట్టమును చదివినవారికి ఈ విషయము వివరింప నక్కరలేదు.

ఇప్పుడు మా యూరి గడపకు వత్తము. ఆ కాలమున ఇచటి ఆడపిల్లను పెండ్లిమాట అడుగుట యొక్కసారియే, అదియును అడిగినట్లు కాదు. పెండ్లిచూపులలో తల వంచుకొని కూర్చుండును. వచ్చినవారు కాఫీ త్రాగి పోవుదురు. సాయంత్రమునకు ఇంటివారు 'పిల్లకు ఇష్టమే' యని కబురు పెట్టుదురు. ఆమె మౌనమునకు అర్థము చెప్పు హక్కు ఇతరులది. అట్టి స్త్రీకి ఈ నవల ఇచ్చినది కారు కాదు, కాలము. ఒక పురుషుని గూర్చి ఔననుటకును కాదనుటకును నడుమ రెండు వందల పుటల కాలము. ఆ కాలమున నాయిక కోపింపవచ్చును, తప్పుగా తలపవచ్చును, తన తప్పు తాను తెలిసికొనవచ్చును, మరల కోపింపవచ్చును. ఆమె సమ్మతి కొరకు కథయంతయు ఆగి నిలుచును. జీవితమున నెవ్వరును ఆగలేదు. ఈ నవలల యాకర్షణమునకు మూలము ఇదియే యని మా యభిప్రాయము. ధనము దీనికి పరికరము, సరకు కాదు.

పలాయన మన్నవారు ఆ పాఠకురాలు దేనినుండి పలాయనము చేసినదో చెప్పలేదు. అమెరికాలో జానిస్ రాడ్వే 1984లో ప్రకటించిన 'రీడింగ్ ది రొమాన్స్' అను గ్రంథమున ఈ ప్రశ్ననే అడిగినది. ఆమె పుస్తకములను మాత్రమే చదివి ఊరకుండక, 'స్మిత్‌టన్' అని మారుపేరు పెట్టిన యొక యూరిలోని పాఠకురాండ్రను అడిగి తెలిసికొన్నది. కథలోని విషయమెంత ముఖ్యమో, పుస్తకము చేతబట్టి కూర్చుండుట యను క్రియయు అంత ముఖ్యమని వారి మాటలవలన ఆమె గ్రహించినది. చదువుచున్నంత సేపు ఆ స్త్రీ యెవరికిని తల్లి కాదు, భార్య కాదు. మన యిండ్లలో మధ్యాహ్నము రెండు మొదలు నాలుగు వరకు గల వేళకు ఈ మాట సరిగా అన్వయించును. అయినను స్మిత్‌టనును తెచ్చి పెనుబల్లిపై బోర్లించుట సరి కాదు. రాడ్వే పాఠకురాండ్రు పుస్తకమును కొనుక్కొని యొంటరిగా చదివిరి. ఇచట పుస్తకము అయిదారు ఇండ్లు తిరిగెడిది. ఒకరు చదువ నలుగురు వినుటయు కలదు. చదువురాని అత్తగారు కోడలిచేత చదివించుకొని, 'అట్లెందుకన్నదే ఆ పిల్ల?' యని కలుగజేసికొనుట మేమెరుగుదుము. ఆ వేళ ఏకాంతము కాదు. కోడలికిని అత్తకును నడుమ వేరొక స్త్రీని గూర్చి, ఏ ప్రమాదమును లేకుండ, మాటలాడుటకు దొరకిన తావు.

మరి ఆ నవల పెనుబల్లిలో నేల జరుగలేదు? ఇచట మన సమాజ నిర్మాణము అడ్డు వచ్చును. ఆస్టిన్ పద్ధతికి అపరిచితుడు కావలెనంటిమి. మన చిన్న యూరిలో అపరిచితుడుండడు. బస్సు దిగినవానిని టీ దుకాణము వద్దనే ఎవరింటికని అడుగుదురు, ఇంటిపేరడుగుదురు, ఇంటిపేరుతో కులము తెలియును, కులముతో వరుస తేలును. అన్న యగునో, మామ యగునో, బాబాయి యగునో నిమిషమున నిర్ణయమగును. వరుస లేనివానితో ప్రేమ యన్నచో అది ప్రేమనవల కాదు, పంచాయితీ. కావున చిన్న యూరి నాయిక వరుస లేనివానిని ప్రేమింపవలెనన్న నగరమునకు పోక తప్పదు. ఆఫీసు, కళాశాల, సిటీ బస్సు - ఈ మూడును తెలుగు ప్రేమనవలకు అపరిచితులను సృష్టించి యిచ్చిన సంస్థలు. అచట ఇంటిపేరు పనిచేయదు. ఈ నవలలలో కులము ప్రస్తావనకు రాకుండుటను లోపముగా కొందరు చూపిరి. లోపమే. రంగనాయకమ్మ 'బలిపీఠము'న హరిజన యువకునికిని బ్రాహ్మణ వితంతువునకును జరిగిన వివాహము ఎట్లు చెడినదో, కులమును పేరుపెట్టి పిలిచి, దాక్షిణ్యము లేక చూపినది. అదే దశాబ్దమున అదే పాఠకురాలు రెండింటిని చదివినది. ఒకదానిలో కులమును చూచి భయపడెను. వేరొకదానిలో కులము లేనట్టి లోకమున కొంతసేపు తిరిగెను. ఆమెకు రెండింటి భేదము తెలియదనుకొనుట మన యవివేకము.

వరుస అడ్డు రాని దారి యొకటి మన చిన్న యూరిలోను కలదు. అది మేనరికము. బావతో పరిహాసమాడుటకు ఊరు అనుమతించును. ఆ మాటకు వచ్చిన ప్రోత్సహించును. తెలుగున నిజమైన చిన్న యూరి ప్రేమనవల పుట్టవలసిన చోటు ఇదియే. యద్దనపూడి 'మీనా' పుట్టినదియు ఇచటనే. నగరమున ఐశ్వర్యమదము గల తల్లి అదుపులో పెరిగిన కన్య పల్లెలోని బంధువుల యింటికి పోవును. అచటి బరువు బాధ్యతలను చూచును. వ్యవసాయము చేసికొనుచున్న వరుసైన యువకుని ప్రేమించును. దీనిని 1973లో విజయనిర్మల సినిమాగా తీసినది. తెలుగున ఆమె దర్శకత్వము వహించిన తొలి చిత్ర మదియే. 2016లో 'అ ఆ' అను చిత్రము వచ్చినపుడు ఈ నవలతో దానికి గల పోలిక పత్రికలలో చర్చకు వచ్చినది. ఇంచుమించు అర్ధ శతాబ్దము గడచిన తరువాతను ఈ కథ పనిచేయుటకు కారణము గలదు. వర్జిన్ రివర్ కథకును దీనికిని పైపోలిక స్పష్టము: నగరము విడిచివచ్చిన స్త్రీ, చిన్న యూరు, మాటలు తక్కువ గల పురుషుడు. భేదము మాత్రము లోతైనది. అమెరికా నాయికకు ఊరు కొత్తది. మీనాకు ఊరు పాతది. ఆమెకు తెలియకుండ దాచిపెట్టబడినది. అచట ప్రేమ యనగా కొత్త బంధము. ఇచట ప్రేమ యనగా తల్లి త్రెంచిన బంధమును కూతురు మరల ముడివేయుట. అందుచేతనే ఈ నవలలో నాయిక కాదనుట నాయకుని కాదు, తల్లిని. 'సెక్రటరీ'లో పురుషునిపై ప్రయోగింపబడిన ఆత్మాభిమానము ఇచట మాతృగృహపు ధనముపై ప్రయోగింపబడినది. రెండు నవలలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన, రచయిత్రి ఒకే ప్రశ్నను నగరమునకును పల్లెకును తగినట్లు రెండు విధముల వేసినదని తోచును. మాకు 'మీనా'యే మెరుగైన నవలగా తోచును. అందు ధనము లేని జీవితమునకు గూడ గౌరవము గలదు.

ఇచట నొక చిన్న ముచ్చట. కందుకూరి వీరేశలింగము 'రాజశేఖర చరిత్రము' 1878లో పత్రికలో వెలువడ మొదలై 1880లో పుస్తకమైనది. దాని కథ ధవళేశ్వరమున, అనగా గోదావరి యొడ్డునున్న చిన్న యూరిలో మొదలగును. ఎనుబదియైదేండ్ల పిమ్మట మరల ఒక రాజశేఖరుడే తెలుగు పాఠకుల ఇండ్లలో ప్రవేశించెను, ఈసారి కారులో. దీనిపై సిద్ధాంతము నిర్మింప బూనము. మొదటి రాజశేఖరుడు ఆస్తి పోగొట్టుకొని ఊరు విడిచెననియు, రెండవవానికి ఊరే లేదనియు మాత్రము గుర్తుచేయుదుము.

ఈ నవలల దోషములను మరుగుపరచుట మా యుద్దేశము కాదు. జయంతి వంటి నాయిక ఇన్ని పుటలు కాపాడుకొన్న ఆత్మాభిమానము చివరి యధ్యాయమున కట్నము వలె చెల్లింపబడును. కాదనుటకు కాలమిచ్చిన నవల, కాదన్న తరువాత బ్రతుకుటకు దారి చూపదు. నాయకుని కోపమును ప్రేమకు గుర్తుగా చూపు అలవాటొకటి ఈ శాఖలో పాతుకొనిపోయినది. దానివలన కలిగిన కీడును తక్కువగా అంచనా వేయరాదు. భాష సంగతి వేరు. ఈ పాత్రలందరును మాటలాడునది కృష్ణా, గుంటూరు మండలముల విద్యావంతుల భాష. తిరువూరు దారిన ఉన్నవారగుటచే పెనుబల్లి పాఠకురాలికి అది పరాయిగా తోపకపోవచ్చును. వరంగల్లు, నల్లగొండ పల్లెలలోని పాఠకురాలికి నాయిక నోట తన మాట యొక్కటియు వినబడలేదు. తెలంగాణపు పల్లెను నవలలోనికి తెచ్చిన దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' 1969లో వెలువడినది. అందును ప్రేమకథ గలదు. కాని నిజాము కాలపు దొరతనము క్రింద ప్రేమకు ఎంత చోటు దొరకునో అంతయే దొరకినది. ఈ రెండు శాఖలును ఒకదాని నొకటి చూచుకొనకుండ ప్రక్కప్రక్కన సాగిపోయినవి. ఒకదానిని మనము పాఠ్యగ్రంథము చేసితిమి. రెండవదానిని కిరాణా కొట్టునకు వదలితిమి.

కొన్నేండ్ల క్రిందట ఈ ప్రాంతపు విద్యార్థిని యొకతె అద్దె పుస్తకముల పాఠకురాండ్రను గూర్చి పరిశోధన చేయుదునని దరఖాస్తు పెట్టినది. ఏ విశ్వవిద్యాలయమున నన్నది అప్రస్తుతము. పరిశీలక సంఘమువారు 'ఇందులో సాహిత్య మెక్కడ నున్న'దని అడిగిరి. ఆమె 'చదివినవారి దగ్గర నున్న'దని జవాబు చెప్పినది. విషయము మార్చుకొమ్మనిరి, మార్చుకొన్నది. ఆ సంఘమున మేమును సభ్యులము. ఆనాడు మేము నోరు విప్పలేదు. ఆమె వెదకదలచిన పాఠకురాండ్రలో కొందరు ఈ నడుమ గతించిరి. బల్ల మీది పుస్తకములు తూకమునకు పోయినవి. టెలివిజను సీరియలులు వచ్చిన పిదప మధ్యాహ్నపు వేళ వానిదైనది. నేడు మరల సెల్‌ఫోనులో చదువు వచ్చినది. 2014లో బెంగళూరున మొదలైన 'ప్రతిలిపి' వంటి వేదికలలో చిన్న యూళ్ల స్త్రీలు తామే సీరియలులు వ్రాయుచున్నారు. మేము చదివినంతలో నాయకుడు కంపెనీ యజమాని. అతనికి మెట్లున్న బంగళా ఇప్పటికిని గలదు. నాయిక మాత్రము ఒక్కొక్కప్పుడు పెండ్లి యైన తరువాత గూడ కాదనుచున్నది. ఈ మార్పును వ్రాసి పెట్టువారు కావలెను. ఈ పర్యాయమైనను ఆలస్యము చేయకుందురు గాక.

మా పెద్దమ్మ వారపత్రికలలోని సీరియలు పుటలను చించి, గోనెసూదితో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసి ఉంచెడిది. అట్టి బైండులు ఆమె పెట్టెలో ఏడెనిమిది యుండెడివి. అందొకదానికి చివరి సంచిక లేదు. ఆ వారము వానలకు బస్సు రాలేదట. బాల్యమున ఆ కథను ఆమెచేత చెప్పించుకొంటిమి. నాయిక తిరిగి రాలేదని, దూరపు ఊరిలో బడి పెట్టుకొన్నదని ఆమె చెప్పెడిది. పట్టపు చదువుల కాలమున ఆ నవల పుస్తకరూపమున మా కంటబడినది. చివరి యధ్యాయమున నాయిక తిరిగి వచ్చెను, పెండ్లియు జరిగెను. సెలవులకు పోయినపుడు, తప్పు దిద్దుచున్నామను గర్వముతో, ఆ మాట పెద్దమ్మకు చెప్పితిమి. ఆమె బియ్యమేరుచు తల యెత్తకయే, "అది మీ పుస్తకంలో అయ్యా. నా దాంట్లో అట్లా లేదు" అన్నది.